గాలికి అడ్డులేని నేల - కాన్సాస్ పల్లెల్లో నాలుగు కాలాలు

అమెరికా అనగానే మనకి న్యూయార్క్ మేడలు, నయాగరా జలపాతం, కాలిఫోర్నియా సముద్రతీరం గుర్తొస్తాయి. టీవీలో చూపించేవీ అవే, బంధువుల ఫొటోల్లో కనిపించేవీ అవే. కానీ ఆ దేశం నడిమధ్యలో కొండా కోనా లేకుండా, మన డెల్టా పొలాల్లాగే కనుచూపు మేర చదునుగా పరుచుకున్న నేల ఒకటుంది. దాన్ని గ్రేట్ ప్లెయిన్స్ అంటారు. ఆ నేలలో కాన్సాస్ ఒక రాష్ట్రం. ఆ రాష్ట్రంలో దక్షిణం వైపున కయోవా అనే చిన్న కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే అనుకోండి.

మావారి ఉద్యోగం వల్ల ఈ ప్రాంతంలో కాపురం పెట్టి నాలుగేళ్లయింది. ఇక్కడి ఎండ, వాన, మంచు, గాలి నాలుగేసి సార్లు చూశాను. ఈమధ్య మన ఊళ్ల నుంచి పిల్లలు చదువులకీ ఉద్యోగాలకీ ఈ మైదానపు రాష్ట్రాలకి కూడా వస్తున్నారు. వాళ్లని చూడటానికో, కూతురికో కోడలికో పురుడు పోయటానికో మీలో కొందరైనా వస్తారు. రాకపోయినా, పిల్లలు ఎలాంటి ఆకాశం కింద ఉంటున్నారో తెలుసుకోవాలని ఏ తల్లికి ఉండదు చెప్పండి? అందుకే ఈ కబుర్లు మీతో చెప్పుకోవాలనిపించింది.

జిల్లా అన్నాను కదా అని జనం కిటకిటలాడుతుంటారనుకునేరు! 2020 జనాభా లెక్కల ప్రకారం కయోవా కౌంటీ మొత్తానికి ఉన్నది 2,460 మంది. మన దగ్గర ఒక మోస్తరు పల్లెలో అంతకంటే ఎక్కువ మందే ఉంటారు. నేల మాత్రం 720 చదరపు మైళ్ల పైమాటే. కారులో వెళ్తుంటే గోధుమ పొలాలు, గడ్డి మైదానాలు, ఆవుల మందలు, అక్కడక్కడా ఒంటరిగా ఒక ఇల్లు కనిపిస్తాయి. మన సరుకులు కావాలంటే రెండు గంటలు ప్రయాణం చేసి విచిటా నగరానికి వెళ్లాల్సిందే. అందుకని కందిపప్పు, చింతపండు, ఇంగువ నెలకి సరిపడా ఒకేసారి తెచ్చుకుంటాం.

అన్ని తలుపులూ తీసి ఉన్న ఇల్లు

మనకి ఉత్తరాన హిమాలయాలు గోడలా అడ్డం నిలబడ్డాయి. ఆ పైనున్న చలిగాలులు నేరుగా మన మీదకి రాకుండా అవే కాపాడుతున్నాయి. అమెరికాకి అలాంటి గోడ లేదు. అక్కడి పెద్ద పర్వతాలు రాకీలు పడమటి వైపున ఉత్తరం నుంచి దక్షిణానికి నిలువుగా ఉన్నాయి. అందుకని కెనడా వైపు నుంచి చలిగాలి బయల్దేరితే మధ్యలో ఆపేది ఏదీ లేదు. దక్షిణాన మెక్సికో సింధుశాఖ నుంచి తేమతో నిండిన వెచ్చగాలి బయల్దేరినా అంతే. నైరుతి ఎడారుల నుంచి పొడిగాలి ఇంకో పక్క నుంచి వస్తుంది. నాలుగు వైపులా తలుపులు బార్లా తీసి ఉన్న ఇంట్లో గాలి ఎటునుంచి ఎటు కొడుతుందో చెప్పలేం కదూ? కాన్సాస్ సరిగ్గా అలాంటి ఇల్లే.

అందుకే ఇక్కడ ఒకే రోజులో రెండు కాలాలు కనిపిస్తాయి. మధ్యాహ్నం చేతుల్లేని జాకెట్టుతో బట్టలు ఆరేసుకుంటాం, ఉత్తరపు గాలి తిరిగిందంటే రాత్రికి రెండు రగ్గులు కప్పుకుంటాం. ఈ రాష్ట్రంలో ఇంతవరకూ నమోదైన అతి పెద్ద ఎండల్లో ఒకటి 1936 జూలై 24న ఆల్టన్ అనే ఊళ్లో కాసింది. 121 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో 49 డిగ్రీల పైనే. అతి పెద్ద చలి 1905 ఫిబ్రవరి 13న లెబనాన్ అనే ఊళ్లో పడింది. సున్నాకి దిగువన 40 డిగ్రీలు! ఈ రెండు ఊళ్లూ ఎక్కడెక్కడో ఉన్నాయనుకోకండి. ఇద్దరూ ఇరుగు పొరుగు కౌంటీల వాళ్లే.

ఇక గాలి సంగతి చెప్పక్కర్లేదు. ఇక్కడికి పడమటి వైపున్న డాడ్జ్ సిటీ, అమెరికాలో గాలి బాగా వీచే ఊళ్లలో ఒకటి. కాన్సాస్ అన్న పేరు కూడా 'కాన్సా' అనే ఆదివాసీ జాతి వాళ్ల నుంచి వచ్చిందేనట. దానికి 'దక్షిణపు గాలి మనుషులు' అని అర్థం చెబుతారు.

గోధుమ మొలకెత్తే చలికాలం

మనకి ఏరువాకతో ఏడాది మొదలైనట్టు, ఇక్కడి రైతుకి సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మొదలవుతుంది. అప్పుడే గోధుమ చల్లుతారు. చలికి ముందే మొలకెత్తి, జానెడు కూడా ఎదగకుండా నేలకి అంటుకుని ఉండిపోతుంది. మంచు కురిస్తే దాని కిందే పడుకుంటుంది. మొదటి ఏడాది చూసినప్పుడు ఆ పైరు చచ్చిపోయిందనే అనిపించింది. మా పక్కింటి పెద్దావిడ నవ్వి, ఆ చలి తగిలితేనే ఈ రకం గోధుమ వెన్ను తీస్తుందని చెప్పింది. మంచు దుప్పటి కప్పుకున్నట్టుగా ఉంటే పైరుకి మేలే. మంచు లేకుండా ఉత్తి చలిగాలి కొడితేనే బెంగట. 1874లో రష్యా నుంచి వలస వచ్చిన మెన్నొనైట్లు అనే క్రైస్తవ శాఖ వాళ్లు ఈ శీతాకాలపు ఎర్రగోధుమ విత్తనాలని తమతో తెచ్చుకున్నారు. ఈ నేలకి అవి సరిగ్గా కుదిరాయి.

జనవరిలో పగలు ఆరేడు డిగ్రీలు, రాత్రి సున్నాకి దిగువన ఆరేడు ఉండటం మామూలు. ఒక్కోసారి అంతకంటే బాగా పడిపోతుంది. మంచు కంటే నాకు భయం వేసేది గడ్డకట్టే వాన. చూడటానికి మామూలు తుంపరే, కానీ పడ్డ చోటల్లా గాజుపూతలా గట్టిపడుతుంది. చెట్ల కొమ్మలు, కరెంటు తీగలు ఆ బరువుకి తెగిపోతాయి. మెట్ల మీద కాలు పెట్టామా, నడుం విరగాల్సిందే.

ఇంట్లో హీటర్ వల్ల గాలి బాగా పొడిబారిపోతుంది. పెదవులు పగులుతాయి, సింథటిక్ చీర కట్టుకుని తలుపు పిడి ముట్టుకుంటే చిటుక్కుమని షాకు కొడుతుంది. ఇడ్లీ పిండి బయట పెడితే రెండు రోజులైనా పొంగదు. దానికి నేను చేసే పని ఇది. పిండి గిన్నెని ఓవెన్లో పెట్టి, ఓవెన్ వెలిగించకుండా లోపలి దీపం మాత్రం వేసి ఉంచుతాను. ఆ పాటి వెచ్చదనానికి తెల్లారేసరికి చక్కగా పొంగుతుంది. పెరుగూ అంతే, గోరువెచ్చని పాలల్లో తోడు వేసి అక్కడే పెడితే గట్టిగా తోడుకుంటుంది. కరివేపాకు మొక్కని కుండీతో సహా అక్టోబరులోనే ఇంట్లోకి తెచ్చుకుని, ఎండ పడే కిటికీ దగ్గర పెట్టుకోవాలి. ఒక్క రాత్రి బయట మరిచిపోతే ఇహ ఆ మొక్క మీద ఆశ వదులుకోవాల్సిందే.

చలి వదిలి, గడ్డి ఇంకా పచ్చబడని మార్చి నెలలో మరో భయం ఉంటుంది. ఎండుగడ్డి, పొడిగాలి కలిస్తే నిప్పురవ్వ చాలు. 2017 మార్చిలో పొరుగునున్న క్లార్క్ కౌంటీలో అలాంటి కార్చిచ్చు వచ్చి ఆ కౌంటీలో చాలా భాగం కాలిపోయింది. వేల పశువులు చచ్చిపోయాయి. ఆ తరవాత ఎక్కడెక్కడి రైతులో లారీల్లో ఎండుగడ్డి మోపులు నింపుకుని తెచ్చి, తెలియని వాళ్ల పశువులకి మేత ఇచ్చి వెళ్లారు.

అందమైన వసంతం, ఆదమరవకూడని వసంతం

ఏప్రిల్, మే నెలల్లో ఈ నేలని చూడాలి! పచ్చని తివాచీలా గోధుమ, దారి పక్కన అడవి పూలు, ఎటు చూసినా నీలాకాశం. కానీ ఆదమరచి ఉండకూడని కాలం కూడా ఇదే. దక్షిణపు తేమగాలి కింద నుంచి, పడమటి పొడిగాలి పై నుంచి, ఉత్తరపు చలిగాలి వెనక నుంచి వచ్చి కలుసుకునేది ఇప్పుడే. మధ్యాహ్నం దాకా ఒక్క మబ్బు ఉండదు. మూడు, నాలుగు గంటలకి పడమట గోపురంలా ఒక మబ్బు లేస్తుంది. గంట తిరిగేసరికి ఆకాశం సగం కప్పేస్తుంది.

మొదట వడగళ్లు. మనం చిన్నప్పుడు ఏరుకుని తిన్న వడగళ్లు కావివి. నిమ్మకాయంత, ఒక్కోసారి టెన్నిస్ బంతంత ఉంటాయి. 1970 సెప్టెంబరులో ఈ రాష్ట్రంలోనే కాఫీవిల్ అనే ఊళ్లో పడిన వడగల్లు ఒకటి ముప్పావు కిలో తూగింది! కారు అద్దాలు, ఇంటి పైకప్పులు పోతే పోయాయి, ఇన్సూరెన్సు ఉంటుంది. కోతకి రెండు వారాల ముందు గోధుమ వెన్ను మీద వడగళ్లు పడితే మాత్రం పది నిమిషాల్లో ఏడాది కష్టం నేలపాలు. వరి పనల మీద ఉండగా నవంబరు తుఫాను వస్తే మన రైతు ఎలా కూలబడిపోతాడో, ఇక్కడి రైతు ముఖంలోనూ అదే కనిపిస్తుంది. భాష వేరు కానీ బాధ ఒకటే.

వడగళ్ల తరవాత వచ్చేదాన్ని తలుచుకుంటేనే గుండె ఝల్లుమంటుంది. అదే టోర్నడో. మన తుఫాను సముద్రంలో పుట్టి, రెండు మూడు రోజులు ముందే కబురు పంపి, జిల్లాలకి జిల్లాలు కమ్ముకుంటుంది. టోర్నడో అలా కాదు. మబ్బులోంచి ఏనుగు తొండంలా నేలకి దిగి, గింగిరాలు తిరుగుతూ ఒక దారిన పోతుంది. ఆ దారిలో ఉన్న ఇల్లు పునాదుల దాకా పోవచ్చు, వీధి అవతలి ఇంట్లో పూలకుండీ కూడా కదలకపోవచ్చు. చాలా టోర్నడోలు చిన్నవే, కొద్ది నిమిషాల్లో పోతాయి. కానీ అన్నీ అలా ఉండవు.

గ్రీన్స్‌బర్గ్ రాత్రి

ఈ కౌంటీకి ముఖ్యపట్టణం గ్రీన్స్‌బర్గ్. అప్పట్లో పధ్నాలుగు వందల చిల్లర జనాభా ఉన్న ఊరు. 2007 మే 4, శుక్రవారం రాత్రి పదింటికి కాస్త ముందు ఆ ఊరి మీదకి టోర్నడో వచ్చింది. దాని వెడల్పే మైలున్నర పైన. అంటే ఊరంతటి కంటే అదే వెడల్పన్నమాట! గాలి వేగం గంటకి 200 మైళ్లు దాటింది. టోర్నడోల బలాన్ని కొలిచే పద్ధతిని ఫుజిటా అనే జపాన్ శాస్త్రవేత్త 1971లో తయారు చేశారు. దాన్ని సవరించి 2007 ఫిబ్రవరి నుంచి వాడటం మొదలుపెట్టారు. ఆ కొత్త కొలతలో అన్నిటికంటే పై మెట్టు అయిన ఐదు అంకె పడిన మొట్టమొదటి టోర్నడో ఇదే.

తెల్లారేసరికి ఊళ్లో నూటికి 95 వంతులు నేలమట్టమైంది. బడి, ఆసుపత్రి, చర్చిలు, అంగళ్లు అన్నీ పోయాయి. ధాన్యం నిలవచేసే ఎత్తైన కాంక్రీటు గొట్టాలు మాత్రం నిలబడ్డాయి. ఇంతటి ఉత్పాతంలోనూ పోయిన ప్రాణాలు పది, పన్నెండు. ఆ కుటుంబాలకి అది తీరని లోటే, కాదనను. కానీ ఊరంతా పోయినా ఊరి జనంలో అంతమంది ఎలా బతికారో మీరే ఆలోచించండి.

కారణాలు రెండు. డాడ్జ్ సిటీలోని వాతావరణ శాఖ వాళ్లు ముందే గట్టిగా హెచ్చరించారు. గాలి ఊళ్లోకి రావడానికి సుమారు ఇరవై నిమిషాల ముందే సైరన్లు మోగాయి. ఇక రెండోది, చాలామంది ఇళ్లలో నేలమాళిగలు ఉన్నాయి. సైరన్ వినగానే ఎక్కడి పని అక్కడ వదిలేసి పిల్లల్ని, ముసలివాళ్లని తీసుకుని కిందికి దిగిపోయారు. పైకి వచ్చి చూసుకుంటే ఇల్లు లేదు, మనుషులు ఉన్నారు.

ఇది చదివినప్పుడల్లా నాకు మా పెద్దవాళ్లు చెప్పే దివిసీమ ఉప్పెన గుర్తొస్తుంది. 1977 నవంబరు 19న వేలమంది కొట్టుకుపోయారు. పరిగెత్తడానికి గట్టి కట్టడం లేదు, చాలామందికి ఏం వస్తోందో కూడా తెలియదు. ఆ తరవాతే మన తీరంలో తుఫాను షెల్టర్లు కట్టారు, హెచ్చరికలు మెరుగుపడ్డాయి. అక్కడైనా ఇక్కడైనా సంగతి ఒక్కటే. గాలిని మనం ఆపలేం. అది వస్తోందని చెప్పేవాళ్లు, చెబితే వినేవాళ్లు, వెళ్లి దాక్కోవడానికి ఒక చోటు ఉంటే ప్రాణం దక్కుతుంది.

గ్రీన్స్‌బర్గ్ వాళ్లు ఊరు మళ్లీ కట్టుకున్నారు. ఈసారి కరెంటు తక్కువ ఖర్చయ్యేలా, వాననీరు వృథా కాకుండా కట్టారు. ఊరిని పడగొట్టిన గాలితోనే కరెంటు తీయాలని ఊరికి దగ్గర్లో పది గాలిమరలు పెట్టారు! అందరూ తిరిగి రాలేదు లెండి. 2020 లెక్కల్లో ఊరి జనాభా 740. ఉన్నవాళ్లు మాత్రం కొత్త ఇళ్లలో ధైర్యంగానే ఉన్నారు.

ఆ ఊరికి వెళ్తే తప్పక చూడాల్సింది 'బిగ్ వెల్' అనే పెద్ద బావి. 1887, 88లలో పలుగూ పారలతో మనుషులు తవ్విందట. 109 అడుగుల లోతు, 32 అడుగుల వెడల్పు. 1932 దాకా ఊరంతటికీ నీళ్లిచ్చింది. మెట్లు దిగి లోపలికి వెళ్లి చూడొచ్చు. పైన మ్యూజియంలో ఆ రాత్రి కథ ఫొటోలతో ఉంది. మన ఊరి దిగుడుబావులు గుర్తొచ్చి నేను అక్కడ చాలాసేపు నిలబడిపోయాను.

కోతల వేసవి

జూన్ మధ్యకి పచ్చని పొలాలన్నీ బంగారు రంగు తిరుగుతాయి. పెద్ద పెద్ద యంత్రాలు రాత్రి పొద్దుపోయే దాకా కోస్తూనే ఉంటాయి. జూన్‌లో తొమ్మిదింటి దాకా వెలుతురే! ఈ రోజుల్లో రైతుల ఇళ్లలో ఆడవాళ్లకి ఊపిరాడదు. పొలానికే అన్నాలు మోసుకెళ్తారు. మన కోతల రోజుల్లో కూలీలకి గంపలతో అన్నాలు మోసుకెళ్లిన మా అమ్మమ్మ ఇక్కడికి వస్తే కొత్తగా ఏమీ అనిపించదు. గంప బదులు కారు డిక్కీ, అంతే తేడా.

జూలై, ఆగస్టుల్లో పగలు 34, 35 డిగ్రీలు మామూలు, కొన్ని రోజులు 38 దాటుతుంది. మనకి అలవాటైన ఎండే కానీ, ఉక్క తక్కువ, గాలి ఎక్కువ. వడియాలకి ఇంతకంటే మంచి ఎండ ఉండదు, ఒకటి రెండు రోజుల్లో గలగలమంటాయి. కాకపోతే గుడ్డ నాలుగు మూలలా రాళ్లు పెట్టి, పైన వల కప్పి, దానికీ క్లిప్పులు పెట్టాలి. లేకపోతే మన వడియాలు పక్క కౌంటీలో ఏరుకోవాల్సిందే!

ఏడాది మొత్తానికి ఇక్కడ పడే వాన ఇరవై నాలుగైదు అంగుళాలు, మన అనంతపురానికి కాస్త ఎక్కువ. అదీ చాలావరకు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు లోపే, ఎక్కువగా రాత్రిళ్లు ఉరుములతో వచ్చిపోతుంది. తూర్పు కాన్సాస్‌లో నలభై అంగుళాలు పడితే, పడమటి అంచున ఇరవై కూడా పడదు. ఆ లోటు పూడ్చటానికి భూగర్భంలోంచి నీళ్లు తోడతారు. పొడుగాటి గొట్టం చక్రాల మీద గుండ్రంగా తిరుగుతూ తడుపుతుంది, అందుకే విమానంలోంచి చూస్తే పొలాలు అప్పడాలు పరిచినట్టు కనిపిస్తాయి. కానీ పడమటి కాన్సాస్‌లో ఆ నీరు ఏటేటా దిగిపోతోంది. బోర్లు ఎండిపోవడం మనకి మాత్రం తెలియని బాధా?

వానలు వరసగా తప్పితే ఏమవుతుందో ఈ నేల 1930లలో చూసింది. గడ్డి మైదానాలు దున్నేసి ఉన్నారు, కరువు వచ్చింది, గాలికి మట్టి లేచిపోయింది. 1935 ఏప్రిల్ 14ని ఇక్కడ ఇప్పటికీ 'నల్ల ఆదివారం' అంటారు. పట్టపగలు చీకటైపోయిందట. అప్పటి ఇల్లాళ్లు కిటికీలకి తడి దుప్పట్లు కట్టేవారట, వడ్డించే క్షణం దాకా కంచాలు బోర్లించే ఉంచేవారట. ఆ తరవాతే పొలాల గట్ల వెంట వరసలు వరసలుగా చెట్లు నాటారు. గాలికి అడ్డం ఆ చెట్లే. ఇప్పటికీ చాలాచోట్ల కనిపిస్తాయి.

ఈ వైపు వచ్చేవాళ్లకి నాలుగు మాటలు

* మార్చి నుంచి జూన్ లోపల వస్తుంటే రెండు మాటలు నేర్చుకోండి. 'టోర్నడో వాచ్' అంటే రావడానికి అనువుగా ఉంది, కనిపెట్టుకుని ఉండమని. 'టోర్నడో వార్నింగ్' అంటే కనబడింది లేదా రాడార్‌లో తెలిసింది, వెంటనే దాక్కోమని.

* నేలమాళిగ ఉంటే అందులోకి వెళ్లాలి. లేకపోతే కింది అంతస్తులో, ఇంటి మధ్యలో, కిటికీలు లేని స్నానాలగదో అల్మరా గదో చూసుకోవాలి. తల మీద దిండో పరుపో కప్పుకోవాలి. కిటికీ దగ్గర నిలబడి ఫొటోలు తీయకూడదు. చక్రాల మీద తెచ్చి పెట్టే మొబైల్ ఇళ్లలో అసలు ఉండకూడదు.

* దాక్కునే చోట టార్చిలైటు, మంచినీళ్లు, బూట్లు, రోజూ వేసుకునే మందులు ఒక సంచిలో పెట్టి ఉంచండి. బీపీ, షుగరు ఉన్నవాళ్లు ఇది మరవద్దు. కరెంటు పోయినా పనిచేసే వాతావరణ రేడియో ఒకటి కొనిపించండి.

* చలికాలం వచ్చేవాళ్లు ఒక్క లావుపాటి స్వెట్టరు కంటే పలచనివి మూడు తెచ్చుకోండి, వేడిని బట్టి విప్పుకోవచ్చు. పాదాలకి కొబ్బరినూనె రాయకుండా పడుకోకండి. చలికి సీసాలో గడ్డకట్టేస్తుంది, వేడినీళ్లలో పెడితే కరుగుతుంది.

* వేసవిలో కారులో నీళ్లు, చలికాలంలో కారులో రగ్గు తప్పనిసరి. ఇక్కడ ఊరికీ ఊరికీ మధ్య ఇరవై, ముప్పై మైళ్లు మనిషి కనిపించడు.

* సైరన్ అప్పుడప్పుడూ పరీక్ష కోసం కూడా మోగిస్తారు. ఏ రోజు, ఏ వేళకో మీ పిల్లల్ని అడిగి రాసుకోండి. ఆ వేళ కానప్పుడు మోగితే పొయ్యి ఆర్పి, కిందికి దిగండి. కూర మాడితే మళ్లీ వండుకోవచ్చు.

మీరు ఇక్కడికి వచ్చినా రాకపోయినా చేయగల పని ఇంకొకటి ఉంది. ఈ మైదానపు రాష్ట్రాల్లో మీ అబ్బాయో అమ్మాయో ఉంటే, ఈసారి ఫోన్ చేసినప్పుడు అన్నం తిన్నావా అని అడిగాక ఇంకో మాట కూడా అడగండి. "సైరన్ మోగితే మీ ఇంట్లో ఎక్కడికి వెళ్తారు?" జవాబు వెంటనే వస్తే నిశ్చింతగా ఉండండి. "చూస్తాలే అమ్మా" అంటే మాత్రం, చూసి చెప్పేదాకా ఫోన్ పెట్టకండి.